పిండినల్లి ఉపవాసం

హోమం కోసం అడవి నుంచి మోదుగ పుల్లలు తెచ్చి, పెరట్లో మందార మొక్క పక్కన పెట్టారు. ఒక పుల్లకు లక్కపురుగు అంటుకుని ఉంది.

మందార కొమ్మ మీద ఒళ్ళంతా తెల్లటి పొడితో ఉన్న పిండినల్లి పురుగు దాన్ని చూసి మూతి ముడిచింది. "చెట్ల రసం పీల్చే అడవిదానివి, కాస్త దూరంగా ఉండవే తల్లీ! నేను ఒళ్ళంతా విభూతితో, పూజకు పూలిచ్చే మొక్క మీద ఉంటాను."

"మరి నీ భోజనం ఏమిటి వదినా?"

"భోజనమా! ఈ మొక్క నెల నుంచి పూయడం లేదు. ఉన్న ఒక్క మొగ్గయినా అమ్మవారి కోసం విచ్చుకోవాలని ఉపవాసం పట్టాను."

"ఏమీ ముట్టవా?"

"మెతుకు ముట్టను. రోజంతా రసంతోనే సరిపెట్టుకుంటాను," అంటూ పిండినల్లి కొమ్మకు మూతి ఆనించింది.

మొగ్గ రాలి కింద పడింది.

పిండినల్లి కళ్ళు తుడుచుకుంది. "నా ఒక్కదాని ఉపవాసం చాలలేదు. రేపటి నుంచి పిల్లల చేత కూడా చేయిస్తాను."