కల్లూరు ఇంటికి నూరు వంకలు

“ఇది ఇల్లా? గొడ్ల చావిడి!”

ఇంటాయన ఎదురుగా నిలబడి ఉండగానే కేశవయ్య ఆ మాట అనేశాడు. రిటైరైన బడిపంతులు సుందరం, రూపాయి రూపాయి కూడబెట్టి కట్టించుకున్న ఇల్లది. పాపం, ఆయన తల వంచుకున్నాడు.

కేశవయ్య ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషేం కాదు. ఉన్నదంతా నోరే. కోడుమూరులో నలభై ఏళ్లు బట్టల అంగడి నడిపాడు. నేతగాళ్లు చీర తెస్తే రెండు వేళ్లతో ఎత్తి, “గోనెపట్టా ఇంతకన్నా మెత్తగుంటాది” అనేవాడు. ఈ మధ్యే అంగడి మూసేశాడు. ఇక పట్నంలో ఇల్లు కొనాలి.

కొనమని పోరింది భార్య ప్రమీలమ్మ. అంగడి పైన మేడలో కాపురం. ఇరవై రెండు మెట్లు ఎక్కీ దిగీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఇంకా మెట్లెక్కితే మంచాన పడతావని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆమె అడిగింది ఒక్కటే, మెట్లు లేని ఇల్లు.

బ్రోకరు హనుమన్న రెండు ఇళ్లు చూపించాడు. ఒకటి కర్నూలు నడిబొడ్డున మూడో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు లేదు. రెండోది హంద్రీ నది అవతల, కల్లూరులో ఈ సుందరం సారు ఇల్లు. వాకిలి నుంచి పెరటి దాకా ఒక్క మెట్టు లేదు. ప్రమీలమ్మ గోడ పట్టుకోకుండా ఇల్లంతా తిరిగొచ్చింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

కేశవయ్యకేమో వంకలే వంకలు.

“కల్లూరంటే ఒక ఊరా అప్పా? కర్నూలోళ్లు ఊడ్చిన కసువంతా ఈడే పోసినట్లుండాది. యాడ సూడు ఆటోలు, దుమ్ము, రేకుల షెడ్లు. బోరు నీళ్లు శానా ఉప్పు. ఆ వంటింట్లో ఇద్దరు నిలబడితే ఒకరు పొయ్యి మీద కూచోవల్ల!”

“మెల్లగ శెట్టీ, సారు వింటాండాడు” అన్నాడు హనుమన్న.

“విననీలేప్పా. అన్నిటికన్నా పెద్ద దరిద్రం ఇంగోటుండాది. నాలుగిండ్ల అవతల మా మరదలుండాది. పొద్దున లేస్తానే ఆ జిడ్డు మొగం సూడల్ల!”

ప్రమీలమ్మ ముఖం మాడిపోయింది. తన చెల్లెలు శ్రీవాసవి మాటెత్తితే చాలు, ఈయనకు ఒంటికి కారం పూసినట్టుంటుంది. పెళ్లయిన నాటి నుంచీ అంతే. నల్లదంటాడు, గయ్యాళంటాడు, దాని చేతి కాఫీ కుడితి నీళ్లంటాడు. పోయినేడు మొగుడు పోయి ఆమె ఒంటరిదైంది. అప్పుడైనా ఆ నోరు ఊరుకుందా? ఊరుకోలేదు.

ప్రమీలమ్మను మాత్రం పల్లెత్తు మాట అనడు. “మా ప్రమీలంటే సాక్షాత్తూ లక్ష్మీదేవి. దాని చేతి చారు తాగినోనికి అమృతమెందుకప్పా?” అని అంగడికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. చుట్టాల్లో ఆడవాళ్లు కుళ్లుకునేవాళ్లు. పెట్టి పుట్టావే తల్లీ అనేవాళ్లు.

అక్కడి నుంచి కర్నూలు పోయారు. మూడు అంతస్తులు ఎక్కేసరికి ప్రమీలమ్మకు పావుగంట పట్టింది. పైన కేశవయ్య పొగడ్తలు అప్పటికే సగం అయిపోయాయి.

“ఆహా, ఇదీ ఇల్లంటే! గాలి సూడు, వెలుతురు సూడు. కిటికీ తీస్తే కొండారెడ్డి బురుజు. ఇది గదప్పా పట్నం!”

ప్రమీలమ్మ గుమ్మం దగ్గరే కూలబడింది. “ఏమండీ, ఈ మెట్లు నా వల్ల కాదు.”

“కర్నూలు కర్నూలే గదా ప్రమీలా. బంగారం అట్లాంటిదానివి, సర్దుకుంటావులే.”

తిరిగొచ్చేటప్పుడు ఆమె దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. మూడో అంతస్తు ఎక్కిస్తే ఇక కిందికి దిగేది పాడె మీదే అనుకుంది. పైకి అనలేదు. అంత పొగిడే మనిషిని ఏమని అంటుంది?

శెట్టి కర్నూలు ఫ్లాటుకు పడిపోయాడన్న మాట హనుమన్న నోటి నుంచి సుందరం చెవిన పడింది. కొడుకు చదువు కోసం అవసరంలో ఉన్నాడేమో, పంతులు రేటు తగ్గించాడు. కేశవయ్య ఇంకో పది వంకలు పెట్టాడు. పంతులు మళ్లీ తగ్గించాడు.

నెల తిరక్కుండా రిజిస్ట్రేషన్ అయిపోయింది. కల్లూరు ఇంటికే!

తాళం చెవులు చేతిలో పెట్టినా ప్రమీలమ్మకు నమ్మకం కుదరలేదు. ఉండబట్టలేక హనుమన్నే అడిగాడు.

“ఏం శెట్టీ, తిట్టిందీ దీన్నే, కొనిందీ దీన్నేనా?”

కేశవయ్య విరగబడి నవ్వాడు. “ఓరి పిచ్చోడా! మొదటి రోజు గడప దాటినప్పుడే ఇది నాదనుకున్యా. మా నాయన నేర్పిన యాపారమప్పా ఇది. మనసు పడినదాన్ని నోరారా తిట్టల్ల. అక్కరలేనిదాన్ని ఆకాశానికెత్తల్ల. అప్పుడు మన మనసులో ఏముండాదో ఎవనికీ తెలీదు. పుట్టినకాన్నుంచి ఈ నోరు ఒక్కసారన్నా తప్పిందేమో అడుగు!”

హనుమన్న పడీపడీ నవ్వాడు. ప్రమీలమ్మ కూడా నవ్వింది. నా మోకాళ్ల కోసం ఎంత నాటకమాడాడు, ఉత్తపుణ్యానికి లోలోపల తిట్టుకున్నానే అని నొచ్చుకుంది.

అంతలో గేటు చప్పుడైంది. కొత్త ఇంటికి కాఫీ ఫ్లాస్కు పట్టుకుని శ్రీవాసవి వచ్చింది.

“వచ్చె సూడు మా ఇంటి దరిద్రం!” అంటూ కేశవయ్య గబగబా ఎదురెళ్లి ఫ్లాస్కు అందుకుని, నవ్వుతున్న భార్య వైపు తిరిగి, “నీ అట్లాంటి బంగారం యాడ దొరుకుతాది ప్రమీలా!” అన్నాడు.