ఎడమచేతి అతుకు

వెల్డింగ్ రాడ్ ఇనుముకు తగలగానే మాస్క్ నల్లద్దంలో ఆకుపచ్చని వెలుగు గుండ్రంగా విచ్చుకుంది.

ఆ వెలుగులో అమృతమ్మకు తన చెయ్యి మాత్రమే కనిపించింది. వణుకుతోంది.

భర్త బాలరాజు పోయాక తార్నాకలో వాళ్ల ఇనుప గేట్ల షాపు షట్టర్ మళ్లీ లేవలేదు. తానే నడుపుతానంటే మరిది రాంచందర్ నవ్వాడు. ఉగాదిలోపు ఆమెకు వెల్డింగ్ పని రాకపోతే షాపు అమ్మేద్దామన్నాడు.

అందుకే ఆమె యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆడవాళ్లకు పెట్టిన వెల్డింగ్ క్లాసులో చేరింది. నేర్పేది సామేలు. లాలాగూడలో బాలరాజుతో కలిసి పని నేర్చుకున్నవాడు.

ఇంతవరకు ఆమె పెట్టిన అతుకు ఒక్కటీ నిలవలేదు. సుత్తితో తడితే ఊడివచ్చేది.

బతికున్నప్పుడు బాలరాజు ఆమెను షాపులో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. కళ్లు పోతాయనేవాడు.

ఉన్నట్టుండి వణుకు ఆగింది.

ఆమె చేతి మీద ఇంకో చెయ్యి ఉంది. గ్లోవ్ లేని ఎడమచెయ్యి. నిప్పురవ్వలు మీద పడుతున్నా కదల్లేదు.

సామేలేమో అనుకుంది. అతుకు పూర్తయ్యాక మాస్క్ ఎత్తి చూస్తే, అతను షెడ్డు అవతల తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

అతను వచ్చి అతుకు మీది నల్లపెంకు రాలగొట్టాడు. కింద చేప పొలుసుల్లా మెరిసింది.

వేలితో ఆ పొలుసుల వెంట తడిమాడు.

"ఎడమచేత్తో పెట్టినవా, చెల్లె?"

"లేదన్నా. కుడిచేత్తోనే."

ఆమె రాడ్‌ను ఎడమ నుంచి కుడికి లాగింది. పొలుసులు కుడి నుంచి ఎడమకు నడిచి ఉన్నాయి.

"ఎడమచేత్తో గిట్ల బాలరాజు ఒక్కడే పెట్టేటోడు," అన్నాడు సామేలు మెల్లగా. "తీస్కపోయి మీ మరిదికి చూపియ్యి. ఇగ ఏం మాట్లాడడు."

అమృతమ్మ ఆ ముక్కను పక్కన పెట్టింది. కొత్త ముక్క బిగించి, మాస్క్ దించుకుని, ఎవరూ లేని వైపు కొంచెం తిరిగింది.

"చెయ్యి తీయ్," అంది. "నన్ను చెయ్యనియ్యి."

రాడ్ తగిలింది. వెలుగులో ఒక్క చెయ్యే ఉంది.

అతుకు వంకరటింకరగా వచ్చింది. సామేలు సుత్తితో గట్టిగానే కొట్టాడు. ఊడలేదు.

"నిలిచింది, చెల్లె," అన్నాడు.

అమృతమ్మ మాస్క్ ఎత్తలేదు.