తలుపు వెనక మనిషి

బాస్టియెన్ తల కింద నుంచి రక్తం గుమ్మం మెట్టు మీదికి పాకుతోంది. అంబులెన్సులో వచ్చిన ఫైర్ సిబ్బంది మోకాళ్ళ మీద కూర్చుని కట్టు కడుతున్నారు. వీధి చివర తగలబడిన కారు ఇంకా పొగలు కక్కుతోంది. రాళ్ళు రువ్విన గుంపును పోలీసులు అప్పుడే తరిమేశారు.

"దీని పనే," అంది అతని భార్య సోలాంజ్, భవనం కాపలామనిషి లూర్దెస్ వైపు వేలు చూపిస్తూ. "లోపల బటన్ నొక్కితే తలుపు తెరుచుకునేది. నొక్కలేదు."

జెనీవా నుంచి పారిస్ చూడ్డానికి వచ్చి పై అంతస్తులో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు ఆ దంపతులు. అల్లర్లు మొదలవగానే భవనంవాళ్ళు వీధి తలుపు కోడ్ మార్చేశారు. కొత్త అంకెలు ఇలాంటి అతిథులకు చెప్పొద్దని కూడా తీర్మానించుకున్నారు.

సోలాంజ్ చెప్పిందిదీ: బాస్టియెన్ ఫోన్లో వీడియో తీస్తుంటే ముసుగులవాళ్ళు వెంటపడ్డారు. ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. చెత్తడబ్బాలకు నిప్పు పెడతారని లూర్దెస్ వాటిని లోపలికి లాక్కుంటోంది, తలుపు బార్లా తీసి ఉంది. సోలాంజ్ ముందు లోపలికి దూరి మెట్లెక్కేసింది. వెనకే వస్తున్న భర్త మొహం మీద తలుపు మూసుకుంది. అతను పాత అంకెలు నొక్కుతూ, తలుపు అద్దం బాదుతూ ఉండగానే ఇనపకడ్డీ తల మీద పడింది.

పెరటి చివర డబ్బాలు సర్దుతున్నానని, తనకేమీ వినపడలేదని చెప్పింది లూర్దెస్.

భవన సంఘం అధ్యక్షురాలు మదాం వోక్లెన్ నవ్వింది. "చెవుడు కూడా వచ్చిందా నీకు? పైన ఎవరి మొగుడు ఎవర్ని తిట్టాడో మాత్రం బాగానే వినపడుతుందే."

తలుపు పక్కనున్న ఒంటిగదిలోనే లూర్దెస్ కాపురం. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది. ఇప్పుడే ఖాళీ చెయ్యమంది వోక్లెన్. ఆమె మాట పూర్తికాకముందే భవనంలోని ఇద్దరు మగవాళ్ళు ఆమె పరుపును వీధిలోకి ఈడ్చేశారు. గోడమీది ఫాతిమా మేరీమాత పటం కింద పడి పగిలింది. ఒకాయన దాన్ని తొక్కుకుంటూనే వెళ్ళాడు.

అంతలో బాస్టియెన్ కళ్ళు తెరిచాడు. లూర్దెస్ అతని పక్కన కూలబడింది.

"మీరే చెప్పండి బాబూ. మీరు అద్దంలోంచి చూసే ఉంటారు."

ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళమని, ఆయన్ని విసిగించొద్దని సోలాంజ్ భర్త చెయ్యి పట్టుకుంది. పోలీసు అధికారి వినలేదు. కిందికి వంగాడు.

"తలుపు మూసిందెవరో చూశారా సార్?"

"చూశాను. రెండు చేతులతో తోసి మూసింది."

"బటన్?"

"పక్కనే ఉంది. నొక్కమని బతిమాలాను. నా కళ్ళలోకి చూస్తూ అలాగే నిలబడింది."

"విన్నారుగా," అంటూ వోక్లెన్ లూర్దెస్ చేతిలోంచి గది తాళంచెవి లాక్కుంది.

"పేరు కావాలి సార్. రాసుకోవాలి."

బాస్టియెన్ భార్య పట్టులోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు.

"సోలాంజ్."