దిలీప్ వా పెడల్

ఉక్కు ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో, సెక్టర్ 7 క్వార్టర్‌లో రాత్రి పదకొండయింది. తమ్ముడు దిలీప్ చనిపోయిన ఆరు నెలలకు భాస్కర్ మొదటిసారి అతని గిటారు తీసి ఆంప్లిఫయర్‌కి తగిలించాడు. అది మూలన పడి ఉండడం ఇక చూడలేకపోయాడు. కానీ గిటారుకీ ఆంప్‌కీ మధ్య పెట్టిన, పాదంతో తొక్కే వా పెడల్ చెవులు చిల్లులు పడేలా కీచుమంటోంది. ఊళ్ళోనే క్యాంప్ 2లో ఉండే దిలీప్ స్నేహితుడు సంజయ్‌కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాడు.

“భయ్యా, వా పెడల్‌ని ఆ గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ తర్వాత పెట్టినట్టున్నావు. ఉల్టా చెయ్. గిటారు వైరు ముందు వాలోకి, ఆ తర్వాతే డిస్టార్షన్‌లోకి పోవాల.”

భాస్కర్ వైర్లు మార్చి ఒకసారి మీటాడు. మనిషి గొంతులా మెత్తగా పలికింది. తీగల మీద చెయ్యి వేసి ఆపబోయాడు. శబ్దం ఆగలేదు. “ఆ...” అంటూ, మాట పెగలని మనిషిలా సాగింది. గిటారు వైరు పీకేశాడు. అయినా ఆగలేదు.

“హా, అబ్ సహీ హై, ఇప్పుడు సరిగ్గుంది,” అన్నాడు సంజయ్. “ఎవరు పాడతన్నారు భయ్యా?”

భాస్కర్ ఫోన్ పెట్టేసి ఆంప్ ప్లగ్ లాగేశాడు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. నేలమీద పెడల్ కిర్రుమంటూ మెల్లగా ముందుకు వంగింది. మళ్ళీ పైకి లేచింది.

పక్కగదిలోంచి తల్లి తులసమ్మ కేకేసింది.

“ఒరే భాస్కరూ, ఏటి సేస్తన్నావు? తమ్ముడు దాహమంటన్నాడు. నీకు ఇనబడ్నేదా?”

“తమ్ముడు లేడమ్మా” అనబోయాడు. వంటింట్లోకి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొచ్చాడు. ఎవరికివ్వాలో తెలియక గది మధ్యలో అలాగే నిలబడిపోయాడు.