ఆదివారం సంతలో ఎర్ర స్వెట్టరు

"అమ్మా, నాకు అదే కావాల."

సుశీల రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి నిలబడింది.

పిల్లమ్మ చిక్కపేట దగ్గరి ఆదివారం సంతకు వచ్చింది కంబళి కోసం. మొగుడు గంగప్ప మిల్లులో రాత్రి షిఫ్టు చేసి చలిలో దగ్గుతూ ఇంటికొస్తున్నాడు. యుద్ధం పుణ్యమా అని ఉన్ని అంతా పటాలానికి పోతోంది. అందుకే ఈ పాత గుడ్డల సంత.

ఆరేళ్ళ పిల్లకు కంబళి ఎందుకు కనబడుతుంది? కుప్పలో ఎర్ర స్వెట్టరు కనబడింది. దాని జేబు మీద తెల్ల బాతు కూడా ఉంది. ఇంక చెప్పాలా?

"మరి మీ నాయనకు కంబళి వద్దా?"

"నాయన గోనెపట్ట కప్పుకుంటాడులే."

అంగడివాడు నవ్వి స్వెట్టరును నేరుగా సుశీల చేతికే ఇచ్చాడు. బేరం ఎవరితో ఆడాలో అతనికి తెలుసు.

పిల్లమ్మ కొంగుముడి విప్పుతుండగా వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి స్వెట్టరు అంచు పట్టుకుంది.

"ఇది నాకియ్యమ్మా."

పిల్లమ్మ తిరిగి చూసింది. ఎవరో ఒకామె. మంచి చీరే కట్టుకుంది. ముఖం మాత్రం పీక్కుపోయి ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి.

"మేం ముందు పట్టినాం," అంది పిల్లమ్మ.

"నీకెంత కావాలంటే అంత ఇస్తా."

పిల్లమ్మ కొంగుముడి గట్టిగా పట్టుకుంది. పక్కింటి అక్కయమ్మ చెప్పే పంపింది. ఈ సంతలో అంగడివాళ్ళు తమ మనుషుల్నే కొనేవాళ్ళలా నిలబెట్టి ధర పెంచుతారట.

ఆ కొత్త మనిషి తన భుజం మీది కంబళి తీసి చాచింది. "ఇది తీసుకో. అది నాకియ్యి."

దళసరి కంబళి, కొత్తది. పిల్లమ్మ చెయ్యి ముందుకు పోయింది.

సుశీల అప్పటికే స్వెట్టరు తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంటోంది. "నేనియ్యను," అని ఏడుపు అందుకుంది.

పిల్లమ్మ చెయ్యి వెనక్కి వచ్చింది. పాత స్వెట్టరుకు కొత్త కంబళి ఎవరిస్తారు? ఇందులో ఏదో మోసం ఉంది.

"బిడ్డను రవంత అవతల నిలబెట్టమ్మా. నీకొక మాట చెప్పాల."

"ఇక్కడే చెప్పు."

"బిడ్డ ముందర చెప్పే మాట కాదు."

పిల్లమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఊళ్ళో తిరుగుతున్నారని వీధంతా చెప్పుకుంటోంది. డబ్బులు అంగడివాడి ముందు పడేసి, కూతురి రెక్క పట్టుకుని గబగబా నడిచింది.

ఆ కంబళి ఆమె పిల్లమ్మ వెంటే వచ్చింది. "విప్పించమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

పిల్లమ్మ వెనక్కి చూడకుండా జట్కా ఎక్కేసింది. దారి పొడుగునా బిడ్డను ఒడిలోంచి దించలేదు.

రెండు వారాలకు సుశీలకు జ్వరం తగిలింది. ఆ తర్వాత ముఖం నిండా పొక్కులు లేచాయి. గంగప్ప గడపకు వేపమండలు కట్టాడు. అక్కయమ్మ వీధిలోంచే పలకరించి పోతోంది.

బిడ్డ ముందర చెప్పకూడని మాట ఏమై ఉంటుంది? పిల్లమ్మ రోజంతా అదే తలుచుకుంటోంది. ఆమె అంగడివాడి మనిషే, అదంతా ధర పెంచే ఎత్తే అని ఎవరైనా చెబితే చాలు. ఆదివారం గంగప్పను కూతురి దగ్గర కూర్చోబెట్టి సంతకు పరుగెత్తింది.

గుడ్డల అంగడి లేదు. దాని పక్కన పాత తాళాలు అమ్మే ముసలి చిక్కమునియప్ప ఉన్నాడు.

"తాతా, కంబళి కప్పుకుని ఒకామె ఈ గుడ్డల కాడికి వస్తాది కదా. ఆమె అంగడివాడి మనిషేనా?"

"వాడి మనిషా? ఆయమ్మను చూస్తేనే వాడికి వణుకు."

"మరి ఎవరు?"

చిక్కమునియప్ప చుట్టుపక్కల పిల్లలెవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"పసిబిడ్డల ముందర అమ్మవారి పేరెత్తకూడదు కదమ్మా. ఆయమ్మ బిడ్డను అమ్మవారు తీసుకుపోయినాది. కాల్చమని ఇచ్చిన గుడ్డల్ని పనోడు తెచ్చి ఈ సంతలో అమ్ముకున్నాడంట. ఇంకో తల్లి బిడ్డ తొడుక్కోకముందే వాటిని కొని కాల్చేయాలని, పాపం, వారం వారం వచ్చి వెతుకుతా ఉండాది."