ఏడు పోట్లు

కాశన్నకు యాభై ఏళ్లుగా ఒక అనుమానం. మనుషులకు చేతివాటం పంచేటప్పుడు చౌడమ్మ తల్లి తనకు బొంగరం తిప్పే విద్య ఇవ్వడం మరిచిపోయిందా, లేక తన వాటా కూడా పక్కింటి సోమన్నకే ఇచ్చేసిందా? రోజూ దీపం పెట్టే మనిషి అమ్మవారిని ఇంత చిన్న సంగతి అడగొచ్చో లేదో తెలియక ఎప్పుడూ పైకి అనలేదు.

మంగళవారం పొద్దున ఆ పుండు మీద మనవరాలు శశికళ కారం చల్లింది.

"శనివారం మా బడిలో బొంగరాలాట తాతా. పిల్లోళ్లకు తోడు ఒక పెద్దాయన కూడా తిప్పల్లంట. నేను సోమన్న తాతను పిల్చుకపోతా."

మగ్గం గుంతలో కాశన్న కాళ్లు ఆగిపోయాయి. "ఇంట్లో తాత లేడా?"

"నీకు రాదు గదా."

"ఎవురు చెప్పినారు?"

"జేజి."

పొయ్యి దగ్గర ఉన్న భార్య హనుమమ్మ నవ్వు దాచుకోలేదు. "ఉండే మాటే చెప్పినా."

"సోమన్న తాత బొంగరాన్ని నేల మీద పడనీకుండా అరచేతిలో పట్టి తిప్పుతాడు తాతా!"

వారం రోజులుగా ఆ ఇంట్లో వేరే మాట లేదు. అన్నం దగ్గర సోమన్న తాత. తల దువ్వేటప్పుడు సోమన్న తాత. తాను నెల్లాళ్లు నేసిన చీర అంచును ఒక్కసారి ముట్టి చూడని పిల్ల, సోమన్న చేతిలోని చెక్కముక్కను చూసి నోరు తెరుస్తోంది.

సాయంత్రం కొత్త బొంగరం ఒకటి కొనుక్కొచ్చాడు. "నేర్పు," అన్నాడు మనవరాలితో, ఎటో చూస్తూ.

శశికళ పంతులమ్మ అయిపోయింది. "కింద ఇనుప ములుకు కాడ నుంచి చుట్టల్ల. చుట్టు పక్కన చుట్టు. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. కొస వేలికి తగిలించుకో. ఇసిరినాక వెనక్కి లాగల్ల. అవునూ, ఈ దారమేంది, పుల్ల మాదిరి ఉండాది?"

అది మగ్గం మీది దారం. గంజి పెట్టిన పడుగు పోగులను పది కలిపి కాశన్నే పేనాడు. "గంజి పట్టిన దారమే గట్టి. తెలిసినోడు చెప్పిన మాట."

"ఎవురు?"

"ఉండాడులే ఒకడు."

గంజి లేనిదే పోగు నిలవదని నలభై ఐదేళ్లుగా నమ్ముకున్న చెయ్యి అది. విసిరాడు. దారం సర్రున జారింది. బొంగరం రాయిలాగా పడి, పొర్లి, బక్కెట్టు కిందికి దూరింది. మళ్లీ విసిరాడు. మళ్లీ అంతే. పదోసారి పోయి హనుమమ్మ నీళ్ల చెంబుకు తగిలింది.

"మగ్గంలో నాడె ఇంత జోరుగా ఇసిరింటే ఈపాటికి చీర అయిపోయుండు," అందామె.

శశికళ బొంగరం తెచ్చి ఇచ్చింది. "ఓడినోళ్ల బొంగరాన్ని నేల మీద గీసిన గిరిలో పెట్టి, గెలిచినోళ్లు ములుకుతో ఏడు పోట్లు పొడుస్తారు తాతా. నీది శనివారానికి జల్లెడే."

"తెలుసు," అన్నాడు కాశన్న. ఆ మాట అంత కటువుగా ఎందుకొచ్చిందో పిల్లకు అర్థం కాలేదు.

బుధవారం, గురువారం కూడా బొంగరం పొర్లిందే తప్ప తిరగలేదు. శుక్రవారం పొద్దున కాశన్న దీపం పెట్టి, చౌడమ్మకు రెండుసార్లు దండం పెట్టుకుని, పోయి సోమన్న వాకిట్లో నిలబడ్డాడు. వెనకే శశికళ.

"ఏమప్పా కాశన్నా, దావ తప్పి వచ్చినావా?"

"నేర్పుతావేమోనని వచ్చినా." ఆ ఒక్క మాట బయటికి రావడానికి కాశన్న ప్రాణం సగమైంది. "రేపు పిల్ల పక్కన నేను నిలబడల్ల."

సోమన్న మీసం కింద నవ్వు కదిలింది. "చుట్టప్పా, చూస్తాం."

కాశన్న చుట్టాడు. సోమన్న చూపు దారం మీద పడింది. చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు. గంజి పొడి రాలింది. మీసం కింది నవ్వు ఆగిపోయింది.

"ఇన్నేండ్లూ ఇదే దారమా?"

"ఇదే. ఏం?"

సోమన్న ఆ దారాన్ని పక్కన పడేశాడు. గంజి తగలని ముతక దారం ఒకటి తెచ్చి, కొంచెం తడిపి, తన చేతులతోనే చుట్టి ఇచ్చాడు. "ఇప్పుడు ఇసురు."

విసిరాడు. బొంగరం నేల మీద నిటారుగా నిలబడి గుయ్యిమని తిరిగింది.

"తాతా!" శశికళ ఎగిరి గంతేసింది. "రేపు నువ్వే! నువ్వే రావల్ల!"

కాశన్న బొంగరాన్ని కాదు, తన చేతిని చూసుకుంటున్నాడు.

సోమన్న లోపలికి పోయి, నున్నగా నల్లబడిన తన పాత బొంగరాన్ని తెచ్చాడు. సుద్దముక్కతో గిరి గీసి దాని నడుమ పెట్టాడు.

"పొడుసప్పా కాశన్నా. ఏడు పోట్లు."

"ఆటే ఆడలేదే. ఓడిందెవురు?"

"యాభై ఏండ్ల కిందట నేనే."

"ఆ పొద్దు గెలిచింది నువ్వు గదప్పా. నా బొంగరాన్నే పొడిస్తివి."

సోమన్న తల ఎత్తలేదు. "తిరునాళ్లలో మీ నాయన కొనిచ్చిన నీ ఎర్ర బొంగరాన్ని చూసి ఓర్వలేకపోతి. గంజి దారమే మేలని నీకు చెప్పింది నేనే గదా."

కాశన్న తన బొంగరాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత వంగి, ఆ నల్ల బొంగరం మీద ములుకు ఆనించి, గాటు కూడా పడనంత మెల్లగా ఒకేఒక్క పోటు పొడిచాడు.

"ఏడు," అన్నాడు.