చివరి పేజీ దాకా

"నీ పుస్తకం చివరిదాకా చదివిన మనిషిని ఒక్కణ్ణి చూపించు, రెండోది అచ్చేస్తాను" అన్నాడు ప్రచురణకర్త. చూపించకపోతే మొదటిది కూడా తూకానికి పోతుందట. గడువు ఆ సాయంత్రం దాకా.

కవిగారికి ఒళ్ళు మండింది. 'శూన్యానికి వీలునామా' వచ్చి పదమూడేళ్ళయింది. ఇంత మహానగరంలో ఒక్క పాఠకుడు దొరక్కపోతాడా?

ముందు ఇంట్లోనే వెతికాడు. భార్య అంకితం పేజీ దాకా చదివిందట. అది తనకి కాదని తెలిశాక మూసేసిందట. ఆ ముచ్చట పొడిగించడం ఆరోగ్యానికి మంచిది కాదని చెప్పులేసుకున్నాడు.

రచయితలు చేరే కాఫీ హోటల్‌కి వెళ్ళాడు. మూలబల్ల దగ్గర తొమ్మిదిమంది ఉన్నారు. తొమ్మిదిమందీ రాసేవాళ్ళే. ఎవరి పుస్తకం వాళ్ళు సంచిలోంచి తీసి ఈయన చేతిలో పెట్టారు. అక్కణ్ణుంచి పార్కులో 'కవుల బెంచీ' దగ్గరికి పోతే, దానిమీద ఎవరో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. తలకింద పుస్తకం ఉంది. ఆశగా వంగి చూశాడు. టెలిఫోన్ డైరెక్టరీ.

ఇక పుస్తకాల షాపులు. పది తిరిగాడు. అద్దాల షాపులో అమ్మాయి కంప్యూటర్లో వెతికి, అలాంటి పుస్తకం లేదంది. రాసింది నేనేనమ్మా అంటే మళ్ళీ వెతికి, మీరూ లేరండీ అంది.

పదకొండోది రైల్వే స్టేషన్ వెనక సందులో, మెట్లు దిగి వెళ్ళాల్సిన పాత షాపు. వెలుతురు అంతంతమాత్రం. కవిత్వం బీరువా ముందు ఒక పెద్దాయన స్టూలు మీద కూర్చున్నాడు. ఒక చేతిలో టార్చిలైటు. రెండో చేతిలో 'శూన్యానికి వీలునామా'.

కవిగారి కళ్ళలో నీళ్ళు నిండి అంతా మసకబారిపోయింది.

పెద్దాయన ఒక్కో కాగితం ఆచితూచి తిప్పుతున్నాడు. వాసన చూస్తున్నాడు. చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నాడు. షాపు యజమాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈయన ఏడాదికి రెండుసార్లు వస్తాడనీ, ఒక్క అర కూడా వదలడనీ, ఏ పుస్తకం ఉంచమంటే అది ఉంచుతామనీ, తీసెయ్యమంటే తీసేస్తామనీ చెవిలో చెప్పాడు.

"ఈ పుస్తకం ఎలా ఉందండీ?" కవిగారు దగ్గరికి జరిగి అడిగాడు.

"మొదటి అట్ట దగ్గర మొదలుపెడితే చివరి పేజీ దాకా ఎక్కడా ఆగలేదు. ఇంతగా నమిలి మింగిన పుస్తకం నా ముప్పయ్యేళ్ళ అనుభవంలో చూళ్ళేదు."

పక్కనున్న పెద్ద పెద్ద కవుల సంగతేమిటని అడిగాడు. ఈ మాట వినడానికే పదమూడేళ్ళు బతికాడు మరి.

"వాటి జోలికే పోలేదండీ. అవి జనం రోజూ తీస్తుంటారు కదా. ఎవరి చెయ్యీ పడనిదంటేనే ఇష్టం."

ఏం అభిరుచి! కవిగారు అక్కడికక్కడే ప్రచురణకర్తకి ఫోన్ కలిపాడు. కాఫీ హోటల్లో తొమ్మిదిమందికీ రేపు ఎలా చెప్పాలో అప్పుడే వాక్యాలు కూర్చుకుంటున్నాడు. స్పీకర్ నొక్కి, ఫోన్ పెద్దాయన నోటి దగ్గర పెట్టాడు.

"ఆ పుస్తకం చివరిదాకా చదివింది మీరేనా?" అని అడిగాడు ప్రచురణకర్త, నమ్మలేనట్టు.

పెద్దాయన పుస్తకం మూసి, టార్చి ఆర్పి, వినయంగా చెప్పాడు: "నేను పురుగుమందు కొట్టేవాణ్ణండీ, చివరిదాకా చదివినవి చెదలు."